పాస్‌వర్డ్ పెట్టనే లేదు, మరి యాక్సెస్ డినైడ్ ఎందుకు?

ప్రశ్న: డేటాబేస్‌ల పని కొత్తగా నేర్చుకుంటున్నాను. ఉబుంటు 24.04 ఉన్న కంప్యూటర్‌లో మైఎస్‌క్యూఎల్ 8.0 ఇన్‌స్టాల్ చేశాను. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు పాస్‌వర్డ్ ఏదీ అడగలేదు. తరువాత రూట్ పేరుతో లాగిన్ అవబోతే 1698 ఎర్రర్ వచ్చింది. నా లినక్స్ పాస్‌వర్డ్ ఇచ్చినా, ఖాళీగా వదిలేసినా అదే ఎర్రర్. మూడుసార్లు తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసినా మార్పు లేదు. ఎవరో చెప్పారని కాన్ఫిగరేషన్ ఫైల్‌లో స్కిప్ గ్రాంట్ టేబుల్స్ అనే లైను చేర్చాను. లోపలికి వెళ్ళగలిగాను గాని పాస్‌వర్డ్ మార్చబోతే 1290 ఎర్రర్ వచ్చింది. ఆ లైను తీసేసి, సుడోతో లోపలికి వెళ్ళి, నా పీహెచ్‌పీ అప్లికేషన్ కోసం ‘స్టాక్’ అనే ఖాతా చేశాను. టెర్మినల్‌లో ఆ ఖాతాతో లాగిన్ అవుతోంది, అప్లికేషన్ నుంచి మాత్రం 1045 వస్తోంది. పాస్‌వర్డ్ తప్పు కాదు, అక్షరం అక్షరం సరిచూసుకున్నాను. అందులో డాలర్ గుర్తు, హ్యాష్ గుర్తు కూడా ఉన్నాయి. ఇదే మెషీన్‌లో పోస్ట్‌గ్రెస్ పెడితే అదేమో పీర్ ఆథెంటికేషన్ ఫెయిల్డ్ అంటోంది. నేను ఎక్కడ తప్పు చేస్తున్నాను?

సమాధానం: మీ ఉత్తరంలో నాలుగు ఎర్రర్లు ఉన్నాయి. నాలుగూ లాగిన్, పాస్‌వర్డ్ పనుల దగ్గరే వచ్చాయి కాబట్టి అన్నిటికీ మూలం పాస్‌వర్డేనని మీరు అనుకున్నట్టు కనిపిస్తోంది. వాటిలో పాస్‌వర్డ్‌తో సంబంధం ఉన్నది ఒక్కటే, అదీ మీరు అనుకుంటున్న రీతిలో కాదు. కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన డేటాబేస్ మనల్ని ఆపినప్పుడు రెండు సంగతులు తేల్చుకోవాలి. అది మనల్ని ఎవరని అనుకుంటోంది? అందుకు ఏ రుజువు అడుగుతోంది? ఈ రెండిటికీ జవాబు చాలావరకు ఆ ఎర్రర్ లైనులోనే ఉంటుంది. కమాండ్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. మీరు టైపు చేసేటప్పుడు ఎప్పటిలాగే ఇంగ్లీషు అక్షరాల్లో చేయండి.

మొదట 1698 సంగతి. ఉబుంటులో మైఎస్‌క్యూఎల్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయినప్పుడు రూట్ ఖాతాకు, అంటే అన్ని అధికారాలూ ఉన్న ప్రధాన ఖాతాకు, పాస్‌వర్డ్ పెట్టదు. దానికి బదులు ఆ ఖాతాకు ఆథ్_సాకెట్ అనే ప్లగిన్‌ను (లాగిన్‌ను పరీక్షించే అదనపు భాగాన్ని) తగిలిస్తుంది. ఒకే కంప్యూటర్‌లో నడిచే రెండు ప్రోగ్రాములు సాకెట్ ఫైల్ ద్వారా మాట్లాడుకుంటున్నప్పుడు, అవతలి ప్రోగ్రామును నడుపుతున్న లినక్స్ యూజర్ ఎవరో లినక్స్ కేంద్ర భాగమైన కెర్నల్‌ను అడిగి తెలుసుకునే వీలు సర్వర్‌కు ఉంటుంది. ఆథ్_సాకెట్ చేసేది అంతే. అవతల ఉన్నది లినక్స్ రూట్ అయితే డేటాబేస్ రూట్‌గా రానిస్తుంది, ఇంకెవరైనా అయితే తలుపు వేస్తుంది. మీరు మీ సొంత లినక్స్ యూజర్‌గా ఉండి, ‘నేను రూట్‌ను’ అని చెప్పారు. కెర్నల్ ‘కాదు’ అంది. పాస్‌వర్డ్ అడిగిన చోట మీరు ఏం టైపు చేసినా ఈ పద్ధతిలో దాన్ని సరిపోల్చేవారే లేరు, అందుకే లినక్స్ పాస్‌వర్డ్ ఇచ్చినా, ఖాళీగా వదిలినా ఒకే జవాబు వచ్చింది. సుడో మైఎస్‌క్యూఎల్ అని ఇచ్చినప్పుడు మీరు లినక్స్ రూట్‌గా మారారు కాబట్టి ఏ పాస్‌వర్డూ లేకుండా వెంటనే లోపలికి వెళ్ళగలిగారు.

ఇది లోపం కాదు, కావాలని చేసిన ఏర్పాటు. నా ఉద్దేశంలో మంచి ఏర్పాటు కూడా. లేని పాస్‌వర్డ్‌ను ఎవరూ ఊహించలేరు, దొంగిలించలేరు, ఏ ఫైల్‌లోనూ రాసిపెట్టి మరచిపోలేరు. మరియాడీబీ కూడా 10.4 నుంచి దాదాపు ఇదే దారి పట్టింది. అక్కడ ప్లగిన్ పేరు యూనిక్స్_సాకెట్. కాబట్టి రూట్‌కు పాస్‌వర్డ్ పెట్టే ప్రయత్నం ఇక మానుకోండి. రోజువారీ పనికి ప్రతిసారీ సుడో ఇవ్వడం ఇబ్బందిగా ఉంటే, మీ లినక్స్ యూజర్ పేరుతోనే డేటాబేస్‌లో ఇంకో ఖాతా చేసి, దానికీ ఆథ్_సాకెట్ పెట్టి, మీకు కావలసిన డేటాబేస్‌ల మీద మాత్రమే అధికారాలు ఇవ్వండి. అప్పుడు ఊరికే మైఎస్‌క్యూఎల్ అని టైపు చేస్తే చాలు.

రూట్‌కు పాస్‌వర్డ్ ఉండి తీరాల్సిన అవసరం ఎప్పుడైనా వస్తే, అది ఆల్టర్ యూజర్ అనే ఒక్క కమాండ్‌తో అయిపోయే పని. అయితే పాత పాఠాలు చాలావాటిలో ఆ కమాండ్ చివర మైఎస్‌క్యూఎల్_నేటివ్_పాస్‌వర్డ్ అనే ప్లగిన్ పేరు రాయమని ఉంటుంది. మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచే డిఫాల్ట్ క్యాచింగ్_షా2_పాస్‌వర్డ్‌కు మారింది. 2024లో వచ్చిన 8.4లో పాత ప్లగిన్‌ను మొదటినుంచే ఆపేసి ఉంచారు, అదే ఏడాది వచ్చిన 9.0లో పూర్తిగా తీసేశారు. ఆ పాఠాలను 8.4 మీద అలాగే దింపితే ప్లగిన్ లోడ్ కాలేదని 1524 ఎర్రర్ వస్తుంది. మీ సర్వర్ వెర్షన్ ఏదో చూసుకోకుండా ఎక్కడి కమాండ్‌నూ ఎత్తి రాయకండి.

మూడుసార్లు తీసేసి పెట్టినా ఎందుకు మారలేదన్న విషయం దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే లాగిన్ కుదరనప్పుడు చాలామంది మొదట చేసే పని అదే. ఏపీటీతో రిమూవ్ చేసినప్పుడు పోయేవి ప్రోగ్రామ్ ఫైళ్ళు మాత్రమే. ఖాతాలు, పాస్‌వర్డ్‌లు, అధికారాలు అన్నీ /వార్/లిబ్/మైఎస్‌క్యూఎల్ అనే డేటా డైరెక్టరీలో టేబుళ్ళుగా ఉంటాయి, అది అలాగే మిగిలిపోతుంది. మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తే కొత్త ప్రోగ్రామ్ వచ్చి పాత ఖాతాల మీదే కూర్చుంటుంది. పర్జ్ చేసి (సెట్టింగులతో సహా తీసేసి) ఆ డైరెక్టరీ కూడా తీసేశారనుకున్నా, కొత్తగా వచ్చే రూట్‌కు ప్యాకేజీ మళ్ళీ ఆథ్_సాకెటే పెడుతుంది కాబట్టి ఫలితం మారదు. ఇదే తొందర నిజమైన డేటా ఉన్న సర్వర్ మీద చూపిస్తే ఏమవుతుందో ఒకసారి ఆలోచించండి. లాగిన్ సమస్యకు డేటా డైరెక్టరీని తుడిచేయడం మందు కాదు.

రెడ్ హ్యాట్ కుటుంబానికి చెందిన లినక్స్‌లలో ఈ పొరపాటు ఇంకో రూపంలో కనిపిస్తుంది. అక్కడ ఒరాకిల్ రిపాజిటరీ నుంచి మైఎస్‌క్యూఎల్ పెడితే, సర్వీస్ మొదటిసారి లేచినప్పుడు రూట్‌కు ఒక తాత్కాలిక పాస్‌వర్డ్ తయారై /వార్/లాగ్/మైఎస్‌క్యూఎల్‌డీ.లాగ్ అనే ఫైల్‌లో ఒక లైనుగా పడుతుంది. ఆ ఫైల్‌లో టెంపరరీ పాస్‌వర్డ్ అనే మాటలను గ్రెప్‌తో వెతికితే దొరుకుతుంది. దానితో లోపలికి వెళ్ళగానే పాస్‌వర్డ్ మార్చాలి, మార్చేదాకా ఏ కమాండ్ ఇచ్చినా 1820 ఎర్రర్ వస్తుంది. మార్చబోతే, ఎనిమిది అక్షరాలకు తగ్గినా, పెద్ద అక్షరం, చిన్న అక్షరం, అంకె, ప్రత్యేక గుర్తు అనే నాలుగిటిలో ఏ ఒక్కటి లేకపోయినా 1819 వస్తుంది. ఇంతవరకు ఇబ్బంది లేదు. డేటా డైరెక్టరీ ఖాళీగా ఉన్నప్పుడు మాత్రమే ఆ తాత్కాలిక పాస్‌వర్డ్ తయారవుతుందని తెలియక, తీసేసి మళ్ళీ పెట్టినవాళ్ళు కొత్త లైను కోసం లాగ్ ఫైల్ అంతా వెతుకుతూ కూర్చుంటారు. ఆ లైను రాదు, ఎందుకంటే సర్వర్ దృష్టిలో అది కొత్త ఇన్‌స్టలేషన్ కానే కాదు.

ఇక స్కిప్ గ్రాంట్ టేబుల్స్. మీకు ఆ సలహా ఇచ్చినవారు మంచి మనసుతోనే ఇచ్చి ఉంటారు, కాని ఆ లైను అర్థం ఏమిటో కూడా చెప్పి ఉండాల్సింది. అది సర్వర్‌ను ఖాతాల టేబుళ్ళు చదవనివ్వదు. ఎవరు ఏ పేరుతో వచ్చినా, ఏ పాస్‌వర్డ్ ఇచ్చినా, ఇవ్వకపోయినా పూర్తి అధికారాలతో లోపలికి వెళతారు. 8.0 నుంచి ఆ లైను ఉంటే నెట్‌వర్క్ కనెక్షన్లను సర్వర్ తనంతట తానే ఆపేస్తోంది గనుక బయటివారి బెడద తగ్గింది, కాని అదే కంప్యూటర్‌లో ఉన్న ప్రతి యూజర్‌కూ తలుపు తెరిచే ఉంటుంది. ఖాతాల టేబుళ్ళనే చదవని సర్వర్‌కు పాస్‌వర్డ్ మార్చమని చెబితే ఎలా మారుస్తుంది? 1290 ఎర్రర్ చెప్పింది అదే. ఫ్లష్ ప్రివిలేజెస్ అనే కమాండ్ ఇస్తే టేబుళ్ళు అప్పటికప్పుడు చదవబడి పాస్‌వర్డ్ మార్చడం కుదురుతుంది, కాని ఫైల్‌లో ఆ లైను మిగిలి ఉంటే సర్వీస్ మళ్ళీ లేచిన వెంటనే తలుపు తిరిగి తెరుచుకుంటుంది. మీరు తీసేశానన్నారు. అయినా /ఈటీసీ/మైఎస్‌క్యూఎల్ కింద ఉన్న ఫైళ్ళన్నిటిలో ఆ మాట కోసం ఇంకొకసారి వెతికి, సర్వీస్‌ను రీస్టార్ట్ చేసి, సుడో లేకుండా రూట్ పేరుతో లాగిన్ అవడానికి ప్రయత్నించండి. 1698 వచ్చిందంటే తలుపు మూసి ఉన్నట్టే. ఇంతకాలం మిమ్మల్ని విసిగించిన ఆ ఎర్రర్ ఈసారి మీకు కావలసిన జవాబు.

రూట్ ఖాతానే పాడైపోయి సుడోతో కూడా వెళ్ళలేని రోజు వస్తే, ఉబుంటులో ఇంకో తాళంచెవి ఉంది. /ఈటీసీ/మైఎస్‌క్యూఎల్/డెబియన్.సీఎన్ఎఫ్ అనే ఫైల్‌లో డెబియన్-సిస్-మెయింట్ అనే ఖాతా పేరు, దాని పాస్‌వర్డ్ ఉంటాయి. నిర్వహణ పనుల కోసం ప్యాకేజీ పెట్టుకున్న ఖాతా అది. దానితో లోపలికి వెళ్ళి రూట్‌ను సరిచేయవచ్చు. ఎవరిదో తెలియని ఖాతా అని దాన్ని తొలగించకండి.

ఇప్పుడు మీ అసలు పని ఆగిపోయిన చోటికి, 1045కు వద్దాం. ఆ లైను పూర్తిగా ఇలా ఉంటుంది: యాక్సెస్ డినైడ్ ఫర్ యూజర్, తరువాత కోట్స్ మధ్య యూజర్ పేరు, ఆ వెంటనే @ గుర్తు, మళ్ళీ కోట్స్ మధ్య హోస్ట్ పేరు (ఏ కంప్యూటర్ నుంచి వచ్చారో దాని పేరు), చివర యూజింగ్ పాస్‌వర్డ్ అన్న మాటల పక్కన యెస్ లేదా నో. మీకు వచ్చిన లైనులో స్టాక్ అనే పేరు, లోకల్‌హోస్ట్ అనే హోస్ట్, చివర యెస్ ఉన్నాయని అనుకుని చెబుతున్నాను. చివర నో అని ఉంటే అప్లికేషన్ అసలు పాస్‌వర్డే పంపలేదన్నమాట. అప్పుడు అది మీరు రాసిన సెట్టింగుల ఫైల్‌ను చదవడం లేదని, లేదా వేరే పేరుతో ఉన్న సెట్టింగు కోసం చూస్తోందని వెతకాలి. యెస్ అని ఉంటే ఏదో ఒక పాస్‌వర్డ్ వెళ్ళింది, కాని అది సర్వర్ దగ్గర ఉన్నదానితో కలవలేదు. ఆ చివరి మాట ఒక్కటి చూసుకుంటే వెతుకులాట సగానికి సగం తగ్గిపోతుంది.

టెర్మినల్‌లో చేత్తో టైపు చేస్తే పనిచేసే పాస్‌వర్డ్, పీహెచ్‌పీలో పనిచేయడం లేదు. మీ పాస్‌వర్డ్‌లో డాలర్ గుర్తు ఉంది. నాకు కనిపిస్తున్న కారణం ఇదే. పీహెచ్‌పీలో డబుల్ కోట్స్ మధ్య రాసిన మాటలో డాలర్ గుర్తు వచ్చి, దాని వెంట అక్షరాలు ఉంటే, పీహెచ్‌పీ దాన్ని వేరియబుల్ పేరుగా తీసుకుంటుంది. ఉదాహరణకు పాస్‌వర్డ్ నది$గట్టు#7 అనుకుందాం. డబుల్ కోట్స్‌లో రాస్తే డాలర్ నుంచి హ్యాష్ ముందు వరకు ఉన్న ముక్క ఒక వేరియబుల్ అయిపోతుంది, ఆ పేరుతో ఏదీ లేదు కనుక ఆ చోట ఖాళీ వస్తుంది, సర్వర్‌కు చేరేది నది#7 మాత్రమే. మీరు ఫైల్‌ను ఎన్నిసార్లు చూసినా పాస్‌వర్డ్ సరిగ్గానే కనిపిస్తుంది, ఎందుకంటే ఫైల్‌లో అది సరిగ్గానే ఉంది. సింగిల్ కోట్స్‌లోకి మార్చండి. సింగిల్ కోట్స్ మధ్య పీహెచ్‌పీ డాలర్‌ను ముట్టుకోదు. మార్చే ముందు పీహెచ్‌పీ ఎర్రర్ లాగ్‌లో నిర్వచించని వేరియబుల్ గురించిన హెచ్చరిక పడిందేమో చూడండి. పడి ఉంటే సందేహం అక్కడికక్కడే తీరిపోతుంది.

హ్యాష్ గుర్తుకు దాని గొడవ దానికుంది. మైఎస్‌క్యూఎల్ తన సొంత ఆప్షన్ ఫైళ్ళలో, అంటే మీ హోమ్ డైరెక్టరీలో ఉండే .మై.సీఎన్ఎఫ్ లాంటి వాటిలో, లైను మధ్యలో హ్యాష్ వచ్చినా అక్కడి నుంచి వ్యాఖ్యగా భావించి వదిలేస్తుంది. అక్కడ పాస్‌వర్డ్ రాయాల్సి వస్తే కోట్స్ మధ్య రాయండి. టెర్మినల్‌లో కమాండ్‌లోనే పాస్‌వర్డ్ రాస్తే డాలర్‌ను షెల్ (టెర్మినల్‌లో కమాండ్లను చదివే ప్రోగ్రామ్) కూడా పీహెచ్‌పీలాగే మింగేస్తుంది. హైఫన్-పి తరువాత స్పేస్ ఇచ్చి పాస్‌వర్డ్ రాస్తే ఇంకో తికమక: మైఎస్‌క్యూఎల్ ఆ మాటను పాస్‌వర్డ్‌గా కాక, తెరవాల్సిన డేటాబేస్ పేరుగా తీసుకుని పాస్‌వర్డ్‌ను వేరుగా అడుగుతుంది. స్పేస్ లేకుండా అంటించి రాయవచ్చు గాని, అది షెల్ చరిత్రలో మిగిలిపోతుంది. హైఫన్-పి వరకే రాసి, అడిగినప్పుడు టైపు చేయడం అన్నిటికన్నా మేలు. సంక్లిష్టమైన పాస్‌వర్డ్ మంచిదే, కాని అప్లికేషన్ ఖాతాకు ప్రత్యేక గుర్తుల బదులు పొడుగును పెంచుకోమని నా సలహా. అక్షరాలు, అంకెలు మాత్రమే కలిపి ముప్ఫై దాకా యాదృచ్ఛికంగా తీసుకుంటే బలానికి లోటుండదు, ఈ కోట్స్ బాధా ఉండదు.

@ గుర్తు తరువాత ఉన్న హోస్ట్ పేరు సంగతి కూడా తెలుసుకుని ఉండండి, మీ అప్లికేషన్ రేపు ఇంకో కంప్యూటర్‌కు మారితే పనికి వస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఖాతా అంటే పేరు ఒక్కటే కాదు, పేరు, హోస్ట్ కలిసిన జంట. ‘స్టాక్’@‘లోకల్‌హోస్ట్’ వేరు, ‘స్టాక్’@‘%’ వేరు (% అంటే ఏ హోస్ట్ అయినా). రెండిటికీ వేర్వేరు పాస్‌వర్డ్‌లు, వేర్వేరు అధికారాలు ఉండవచ్చు. రెండూ ఉంటే, లోకల్‌హోస్ట్ నుంచి వచ్చినవారికి లోకల్‌హోస్ట్ ఖాతానే వర్తిస్తుంది, రెండోదాని పాస్‌వర్డ్ ఇస్తే 1045 వస్తుంది. లోపలికి వెళ్ళాక సెలెక్ట్‌తో యూజర్(), కరెంట్_యూజర్() అనే రెండిటినీ అడగండి. మొదటిది మీరు ఎవరని చెప్పుకున్నారో, రెండోది సర్వర్ మిమ్మల్ని ఏ ఖాతా కింద లెక్కగట్టిందో చూపిస్తుంది. రెండూ తేడాగా కనిపించిన చోట సమస్య బయటపడిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి.

వేరే కంప్యూటర్ నుంచి గాని, కంటైనర్ నుంచి గాని వస్తే ఎర్రర్లు ఒక వరసలో వస్తాయి. ఉబుంటులో సర్వర్ మొదట 127.0.0.1 మీద, అంటే అదే కంప్యూటర్ నుంచి వచ్చే కనెక్షన్లను, మాత్రమే వింటుంది కాబట్టి ముందు 2003 వస్తుంది, చివర బ్రాకెట్లో 111 అని ఉంటుంది. బైండ్ అడ్రస్ (సర్వర్ వినే అడ్రస్) మార్చి రీస్టార్ట్ చేస్తే, ఆ హోస్ట్‌కు సరిపడే ఖాతా ఒక్కటీ లేనప్పుడు 1130 వస్తుంది. సరైన హోస్ట్‌తో ఖాతా చేశాక, పాస్‌వర్డ్ తప్పయితే 1045 వస్తుంది. అంకె మారిన ప్రతిసారీ మీరు ఒక మెట్టు ఎక్కినట్టు. అయితే బైండ్ అడ్రస్ తెరిచే ముందు ఫైర్‌వాల్‌లో 3306 పోర్టును ఏ అడ్రస్‌లకు అనుమతిస్తున్నారో నిర్ణయించుకోండి, హోస్ట్ చోట % పెట్టకుండా అవసరమైన అడ్రస్‌నే రాయండి.

లోకల్‌హోస్ట్, 127.0.0.1 ఒకటే కదా అని మీకు అనిపించవచ్చు. నెట్‌వర్క్ దృష్టిలో ఒకటే, మైఎస్‌క్యూఎల్ క్లయింట్ దృష్టిలో కాదు. లోకల్‌హోస్ట్ అంటే సాకెట్ ఫైల్ ద్వారా వెళుతుంది, 127.0.0.1 అంటే టీసీపీ ద్వారా, అంటే నెట్‌వర్క్ కనెక్షన్‌గా, వెళుతుంది. మామూలుగా సర్వర్ ఆ అడ్రస్‌ను తిరిగి లోకల్‌హోస్ట్ అనే పేరుగా మార్చుకుంటుంది కాబట్టి తేడా తెలియదు. స్కిప్_నేమ్_రిజాల్వ్ పెట్టిన సర్వర్‌లో ఆ మార్పిడి జరగదు, అప్పుడు లోకల్‌హోస్ట్ ఖాతా టీసీపీలో పనిచేయదు.

2002 ఎర్రర్ మీకు ఇంకా ఎదురు కాలేదు, ఎదురైతే మాత్రం పాస్‌వర్డ్‌ల జోలికి పోవద్దు. అది లాగిన్ దాకా వెళ్ళనే లేదు. చివర బ్రాకెట్లో 2 ఉంటే సాకెట్ ఫైల్ ఆ చోట లేదు, 13 ఉంటే దాన్ని తెరిచే అనుమతి మీకు లేదు, 111 ఉంటే ఫైల్ ఉంది గాని అవతల వినేవారు లేరు. సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్‌తో సర్వీస్ నడుస్తోందో లేదో చూసి, నడవకపోతే /వార్/లాగ్/మైఎస్‌క్యూఎల్ కింద ఉన్న ఎర్రర్ లాగ్ చదవండి.

పోస్ట్‌గ్రెస్ మాట. పీర్ అంటే అక్కడా ఆథ్_సాకెట్ చేసే పనే: కెర్నల్‌ను అడిగి, మీ లినక్స్ యూజర్ పేరు, మీరు కోరిన డేటాబేస్ రోల్ పేరు ఒకటేనా అని చూస్తుంది (పోస్ట్‌గ్రెస్‌లో ఖాతాను రోల్ అంటారు). మీరు మీ పేరుతో లినక్స్‌లో ఉండి, పోస్ట్‌గ్రెస్ అనే రోల్‌ను కోరారు, అందుకే ఆపింది. సుడో -యు పోస్ట్‌గ్రెస్ పీఎస్‌క్యూఎల్ అని ఇస్తే లోపలికి వెళతారు. లినక్స్‌లోని పోస్ట్‌గ్రెస్ యూజర్‌కు పాస్‌వర్డ్ పెట్టమని ఎవరైనా చెబితే వినకండి. అది లినక్స్ పాస్‌వర్డ్ అవుతుందే తప్ప డేటాబేస్ రోల్‌కు చెందదు, పైగా ఇంతవరకు లాగిన్ అవడానికి వీలులేకుండా ఉన్న ఒక యూజర్‌కు మీరే తలుపు పెట్టినట్టవుతుంది.

తరువాత మీ పేరుతో ఊరికే పీఎస్‌క్యూఎల్ అని ఇచ్చి చూడండి. మీ పేరుతో రోల్ లేదని చెబుతుంది. రోల్ చేశాక మళ్ళీ ఇస్తే, ఈసారి మీ పేరుతో డేటాబేస్ లేదంటుంది, ఎందుకంటే డేటాబేస్ పేరు చెప్పకపోతే రోల్ పేరునే డేటాబేస్ పేరుగా తీసుకోవడం దాని పద్ధతి. ఈ రెండో ఎర్రర్‌కు దిగులు పడేవాళ్ళను చూశాను. నిజానికి అది వచ్చిందంటే మీ గుర్తింపు పరీక్ష పూర్తయిపోయింది, తెరవడానికి గది లేదంతే. ఒక డేటాబేస్ చేసి, దాని పేరు ఇవ్వండి. పేర్లు చిన్న అక్షరాల్లోనే పెట్టుకోండి. క్రియేట్ కమాండ్‌లో కోట్స్ లేకుండా పెద్ద అక్షరంతో పేరు రాస్తే పోస్ట్‌గ్రెస్ దాన్ని చిన్న అక్షరంగా మార్చి దాస్తుంది, లాగిన్ దగ్గర మాత్రం మీరు ఇచ్చినట్టే తీసుకుంటుంది, అందువల్ల మీరే చేసిన రోల్ లేదని అది చెప్పే పరిస్థితి వస్తుంది.

ఎవరికి ఏ రుజువు అడగాలన్నది పీజీ_హెచ్‌బీఏ.కాన్ఫ్ అనే ఫైల్ నిర్ణయిస్తుంది. ఉబుంటు 24.04తో వచ్చే 16వ వెర్షన్‌లో అది /ఈటీసీ/పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్/16/మెయిన్ కింద ఉంటుంది. దాన్ని పైనుంచి కిందికి చదివి, మీ కనెక్షన్‌కు సరిపోయిన మొదటి లైను దగ్గరే ఆగిపోతుంది. ఆ లైను అడిగిన రుజువు కుదరకపోతే కింది లైనును ప్రయత్నించదు. అందువల్ల ఫైల్ చివర ఎంత మంచి లైను చేర్చినా, దానికి పైన సరిపోయేది ఇంకొకటి ఉంటే ప్రయోజనం ఉండదు. లోకల్ అని మొదలయ్యే లైన్లు సాకెట్‌కు, హోస్ట్ అని మొదలయ్యేవి టీసీపీకి. ఉబుంటులో లోకల్‌కు పీర్, హోస్ట్‌కు స్క్రామ్-షా-256 ఉంటాయి గనుక మీ పీహెచ్‌పీ అప్లికేషన్ కోసం ఫైల్‌ను అసలు మార్చనక్కరలేదు. పాస్‌వర్డ్‌తో ఒక రోల్ చేసి, కనెక్షన్‌లో హోస్ట్ పేరుగా లోకల్‌హోస్ట్ ఇస్తే చాలు. ఇక్కడ మైఎస్‌క్యూఎల్‌కు పూర్తిగా వ్యతిరేకం, లోకల్‌హోస్ట్ అంటే టీసీపీ. ఏ రుజువూ అడగకుండా రానిచ్చే ట్రస్ట్ అనే మాటను మాత్రం ఎవరు చెప్పినా ఆ ఫైల్‌లో రాయకండి, అది స్కిప్ గ్రాంట్ టేబుల్స్‌కు తోబుట్టువు.

ఫైల్ మార్చాల్సి వస్తే, సర్వర్ చదువుతున్నది ఆ ఫైలేనా అన్నది ముందు తేల్చుకోండి. ఒకసారి రెండు వెర్షన్లు ఉన్న మెషీన్‌లో ఒక సాయంత్రమంతా నేను పాత వెర్షన్ తాలూకు ఫైల్‌ను మారుస్తూ, రీలోడ్ చేస్తూ ఉన్నాను. నేను కనెక్ట్ అవుతున్నది 5433 పోర్టులో ఉన్న కొత్త సర్వర్‌కు. పీజీ_ఎల్ఎస్‌క్లస్టర్స్ అనే కమాండ్ ఏ వెర్షన్ ఏ పోర్టులో ఉందో చూపిస్తుంది. లోపలికి వెళ్ళి షో హెచ్‌బీఏ_ఫైల్ అంటే ఫైల్ దారి మొత్తం వస్తుంది. మార్చాక రీలోడ్ చేసి, పీజీ_హెచ్‌బీఏ_ఫైల్_రూల్స్ అనే వ్యూను చూస్తే ఏ లైనులోనైనా తప్పు ఉంటే ఎర్రర్ కాలమ్‌లో కనబడుతుంది.

పాస్‌వర్డ్ ఆథెంటికేషన్ ఫెయిల్డ్ అని పోస్ట్‌గ్రెస్ తెర మీద చెప్పినప్పుడు, పాస్‌వర్డే తప్పని తీర్మానించుకోకండి. ఆ పేరుతో రోలే లేకపోయినా బయటివారికి తెలియకూడదని అదే మాట చెబుతుంది, అసలు కారణాన్ని, సరిపోయిన పీజీ_హెచ్‌బీఏ లైనుతో సహా, తన లాగ్‌లో రాసుకుంటుంది. /వార్/లాగ్/పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ కింద ఉన్న ఫైల్‌ను ఒక టెర్మినల్‌లో టెయిల్ -ఎఫ్ తో తెరిచి ఉంచి, పక్క టెర్మినల్‌లో లాగిన్ ప్రయత్నించండి.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని వరస ఇది. కాన్ఫిగరేషన్ ఫైళ్ళలో స్కిప్ గ్రాంట్ టేబుల్స్ మిగిలి లేదని చూసి, పీహెచ్‌పీ ఫైల్‌లో డబుల్ కోట్స్‌ను సింగిల్ కోట్స్ చేసి, పేజీని మళ్ళీ తెరవండి. అప్పటికీ 1045 వస్తే, సుడోతో వెళ్ళి స్టాక్ ఖాతాకు అక్షరాలు, అంకెలు మాత్రమే ఉన్న పొడుగాటి పాస్‌వర్డ్‌ను ఆల్టర్ యూజర్‌తో పెట్టి, అదే అప్లికేషన్‌లో రాసి చూడండి. దానితోనూ కుదరకపోతే, ఎర్రర్ లైనును మొదటి అక్షరం నుంచి చివరి యెస్ లేదా నో దాకా ఉన్నదున్నట్టు కాపీ చేసి, దానితోపాటు మైఎస్‌క్యూఎల్.యూజర్ టేబుల్‌లోని యూజర్, హోస్ట్, ప్లగిన్ అనే మూడు కాలమ్‌లను కూడా నాకు పంపండి. పాస్‌వర్డ్ హ్యాష్ ఉండే ఆథెంటికేషన్_స్ట్రింగ్ కాలమ్‌ను మాత్రం ఎవరికీ, నాకు కూడా, పంపవద్దు.